వంకర కుట్ల బొంత

కోటిరత్నం కుట్టిన బొంతకు వంక పెట్టగలిగినవాళ్లు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేరు. దర్శి నుంచి అద్దంకి వెళ్లే దారిలో, రోడ్డు వదిలి రెండు మైళ్లు లోపలికి నడిస్తే వచ్చే ఊరు వాళ్లది. ఆ ఊళ్లో ఎవరింట పురుడొచ్చినా పాత చీరలు మూటగట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె కుట్టు చీమల బారులా సాగేది. ఎవరైనా సాయం చేస్తామని సూది అందుకుంటే కాదనేది కాదు. ఒక బారెడు కుట్టనిచ్చి, వాళ్లు గుమ్మం దాటగానే ఆ బారెడూ విప్పేసి తనే మళ్లీ కుట్టుకునేది. ఈ సంగతి వాళ్లకూ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, ఎందుకంటే కోటిరత్నం నోరు ఆమె సూది కంటే వాడి.

అలాంటి కోటిరత్నం, పంతొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం మాఘమాసంలో సొంత మనవరాలికి కుట్టిన బొంత ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

ఆమె ఒక్కగానొక్క కూతురు అనసూయకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి పుట్టింటికి తీసుకొచ్చి, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటుంటే, ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఒక చేతిలో ఇమిడిపోయేంత పిల్ల. ఏడిస్తే పిల్లికూన మూలిగినట్టుండేది. అద్దంకి నుంచి వచ్చి చూసిన డాక్టరు, ఈ చలిలో బస్సుల్లో తిప్పితే మొదటికే మోసమన్నాడు. "వెచ్చగా ఉంచండమ్మా. చలి తగలనివ్వకుండా నెల రోజులు గట్టెక్కిస్తే బతుకుతుంది. నా మందులకంటే అదే ముఖ్యం" అని చెప్పి వెళ్లాడు. అనసూయకు బాలింత జ్వరం తగిలి, పిల్లను పొదువుకునే ఓపిక కూడా లేకుండా మంచానికి అంటుకుపోయింది.

వెచ్చగా ఉంచమన్నారు కదా, అది నా చేతిలో పని అనుకుంది కోటిరత్నం. ఉత్త చీరల బొంత చాలదని, లోపల దూది పరిచి కుట్టాలని నిర్ణయించుకుంది. సొంత చేలో మొదటి తీతలో వచ్చిన పత్తి, గింజ తీయించింది, ఇంట్లో ఉండనే ఉంది. పక్క ఊరి దూదేకుల నాగూర్ వలికి కబురు పెట్టింది. అతను వచ్చి పత్తిని చూసి, "మా ఇంటికి తీసుకెళ్లి ఏకి రేపు తెచ్చిస్తానక్కా" అన్నాడు.

"అక్కర్లేదు. నా కళ్ల ముందే ఏకు. ఇక్కడే, వసారాలో."

"ఇక్కడ మిరపకాయలున్నాయి కదక్కా?"

"ఉంటే నిన్నేమన్నా కరుస్తాయా?"

నాగూర్ వలి భుజం మీది దూదేకే విల్లు దించాడు. మంచి పత్తి పట్టుకెళ్లి పాత పరుపుల దూది కలిపి ఇస్తాడేమోనని ఆమె అనుమానం. ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి, ఏనాడూ పిడికెడు దూది తేడా చేసినవాడు కాడు. అయినా అనుమానం అనుమానమే. అప్పటికి వసారా సగం నిండా ఎండు మిరపకాయలు రాసిపోసి ఉన్నాయి. పొద్దున లేచింది మొదలు కోటిరత్నం ఆ రాశి ముందు కూర్చుని తాలుకాయలు ఏరి పక్కన పడేస్తూ ఉండేది. ఆ రాశికి నాలుగడుగుల దూరంలో కూర్చుని అతను రెండు గంటలసేపు విల్లు మోగించాడు. దూది మబ్బుల్లా లేచింది. దూదితో పాటు ఇంకేం లేచిందో ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. ఏటా నాలుగు నెలలు మిరపకాయల మధ్య తిని, మిరపకాయల మధ్య పడుకునేవాళ్లకు ఘాటు ఎక్కడ తెలుస్తుంది!

రెండు రోజుల్లో బొంత పూర్తయింది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. పిల్లను అందులో చుట్టి, మొహం మాత్రం కనబడేట్టు పొత్తిళ్లలో పెట్టుకుని, కోటిరత్నం ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే పిల్ల తుమ్మింది. "నూరేళ్లు!" అంది కోటిరత్నం మురిసిపోతూ. మళ్లీ తుమ్మింది. మళ్లీ నూరేళ్లు. మూడో రోజుకు ఆ నూరేళ్లు లెక్కపెట్టడం మానేసింది. పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి, ఒళ్లు కందింది, పాలు రెండు గుక్కలు తాగి దగ్గొచ్చి వదిలేసేది. గొంతులో గురక మొదలైంది. దిష్టి అన్నారు, దిష్టి తీశారు. జలుబు అన్నారు, సాంబ్రాణి పొగ వేశారు. ఎనిమిదో నెల పిల్ల కదా అని ఒకావిడ ఏదో అనబోయి, కోటిరత్నం చూసిన చూపుకు సగంలో మింగేసింది. పిల్ల ఏడ్చినకొద్దీ చలేస్తోందేమోనని కోటిరత్నం ఆ బొంతను ఇంకా బిగించి చుట్టేది.

పుట్టిన తొమ్మిదో రోజు పొద్దున అనసూయ అత్తగారు సుబ్బరావమ్మ రేపల్లె వైపు నుంచి బస్సులు మారి వచ్చింది. కోటిరత్నానికి ఈ వియ్యపురాలంటే మొదటి నుంచీ కొంచెం మంట. పెళ్లిలో "మీ ఊళ్లో గాలి కూడా కారమేనండీ" అని ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్న మనిషి. వరి చేల మధ్య పుట్టి, వరి చేల మధ్యకే కాపురానికి వెళ్లిన సుకుమారం అని వెనకాల వెక్కిరించేది.

సుబ్బరావమ్మ కాళ్లు కడుక్కొచ్చి, పిల్లను బొంతతో సహా తీసుకుని చెంపకు ఆనించుకుంది. ఆనించుకున్నదే తడవు తుమ్మింది. ఒకటి, రెండు, మూడు. కళ్లంట నీళ్లు కారాయి.

"ఇదేంటి వదినా, ఇంత ఘాటు!"

"ఎక్కడ?"

"ఈ బొంతలోనే. అబ్బ, గొంతు మండిపోతోంది."

కోటిరత్నం బొంతలో ముక్కు పెట్టి చూసింది. పాల వాసన, పిల్ల వాసన తప్ప ఏమీ రాలేదు. "మీ ముక్కుకి మా ఊళ్లో అన్నీ ఘాటేలెండి" అంది విసురుగా.

సుబ్బరావమ్మ పిల్లను విప్పి తన పమిటలోకి తీసుకుని, బొంతను ముందుకు తోసింది. "పోనీ, ముక్కు సంగతి వదిలెయ్యండి. కంటికి అద్దుకుని చూడండి."

కోటిరత్నం పంతంగా బొంత అంచు తీసి, గట్టిగా నలిపి, ఎడమ కంటికి అద్దుకుంది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత కన్ను భగ్గుమంది.

మండుతున్న కంటితోనే ఆమె వసారాలోని రాశిని చూసింది. నాగూర్ వలి కూర్చున్న చోటును చూసింది. అంతా అర్థమైంది. అయిదారు రోజులు, రాత్రీ పగలూ, పిల్ల పీల్చిన ప్రతి గుక్కలో కారం ఉంది. తనే చుట్టింది. ఏడిస్తే ఇంకా బిగించి చుట్టింది. "అయ్యో, చంపేశానే! నా చేతులతో నేనే చంపేశానే!" అని నేల మీద కూలబడి నెత్తి బాదుకుంది. లోపలి మంచం మీద నుంచి అనసూయ, "ఏమైందమ్మా? పాపకేమైంది?" అని నీరసంగా అడుగుతూనే ఉంది.

ఏడవడానికి మాత్రం తీరిక ఎక్కడుంది? ఆ ఇంట్లో ఉంటే గాలిలో కూడా ఘాటే. కోటిరత్నం భర్త యలమందయ్య పెరటి చివర ఉన్న పశువుల కొట్టం ఖాళీ చేసి, ఊడ్చి, కొత్త వరిగడ్డి పరిచి, తల్లినీ పిల్లనూ అక్కడికి మార్చాడు. మిరపకాయల గాలి అటు రాదు. కానీ మూడు వైపులా దడి, నాలుగో వైపు ఏమీ లేదు. ఎండ ఉన్నంతసేపూ ఫరవాలేదు, పొద్దు వాలితే చలి ఈడ్చి కొడుతుంది. సుబ్బరావమ్మ తన సంచిలోని చీర తీసి నాలుగు మడతలు వేసి పిల్లకు చుట్టింది గానీ, అది పగటి మాట. ఇంట్లో ఉన్న దుప్పట్లు, చీరలు, గోనెలు, ఏది తీసి కంటికి అద్దుకున్నా సుబ్బరావమ్మ తల అడ్డంగా ఊపింది.

కోటిరత్నం బొంతను విప్పి, గుడ్డా దూదీ బావి దగ్గరికి పట్టుకుపోయింది. ఎనిమిది నీళ్లలో జాడించి పిండి ఎండలో పరిచింది. మధ్యాహ్నానికి ఆ దూది ఎండిన పిండి ముద్దల్లా గట్టిపడింది. వేళ్లతో లాగితే పోగులు తెగుతున్నాయి తప్ప పొంగడం లేదు. యలమందయ్య సైకిలు మీద వెళ్లి తీసుకొచ్చిన నాగూర్ వలి ఆ ముద్దల్ని చేత్తో పట్టుకుని చూశాడు.

"తడిపిన దూది ఇక ఏకడానికి లొంగదక్కా."

"మీ ఇంట్లో ఉన్నది ఇయ్యి. ఏదైనా సరే."

"నా దగ్గరున్నది పాత పరుపుల్లోది. దుమ్ము. చంటిపిల్లకి పెట్టమని నా నోటితో నేను చెప్పలేను."

ఆ మాటకు కోటిరత్నం తల దించుకుంది. పాత పరుపుల దూది కలుపుతాడని కదూ ఇతన్ని తను కాపలా కాసింది!

"మరి చేలోది కోసుకొస్తే?" అన్నాడు యలమందయ్య.

"మొన్ననే కదయ్యా పురుగుమందు కొట్టావు" అని అతని మీద విరుచుకుపడింది కోటిరత్నం.

నాగూర్ వలి, "ఈ ఊళ్లో మిరపకాయ కళ్లం లేని ఇల్లు ఒక్కటే ఉందక్కా. పూజారిగారిది. అమ్మగారి పెరట్లో వత్తుల పత్తి చెట్టుంది. ఆమె ఆ దూది నాచేత ఏకించరు, వేళ్లతో విప్పుకుంటారు" అన్నాడు.

కోటిరత్నం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. శివాలయం పూజారి భార్య శ్యామలాంబ వెనక అరుగు మీద కూర్చుని, తొడ మీద దూది పెట్టుకుని వత్తులు చేస్తోంది. వచ్చే కార్తీకానికి లక్ష వత్తుల నోము తీర్చుకోవాలని ఏడాదిగా ఆమెకు అదే పని. పురుడొచ్చిన ఇంటి మనిషి కనుక కోటిరత్నం పెరటి గుమ్మం దాటకుండా అక్కడే నుంచుని, ఏడుస్తూ చెప్పింది. ఏమీ దాచలేదు. తన అనుమానం సంగతి కూడా చెప్పింది.

శ్యామలాంబ చేతిలోని వత్తి పక్కన పెట్టింది. "విడి పత్తి ఇదే ఆఖరమ్మా. మిగతాదంతా చేసేశాను."

కోటిరత్నం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

శ్యామలాంబ లోపలికి వెళ్లి, రెండు పెద్ద డబ్బాలూ, ఉతికి దండెం మీద ఎత్తున ఆరేసిన మడి పంచె ఒకటీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. "వత్తులు విప్పితే దూదే కదా. డెబ్బై వేల దాకా ఉంటాయి."

"అమ్మగారూ, నోము…"

"కార్తీకం ప్రతి ఏడూ వస్తుంది. చీకటి పడకముందే వెళ్లి పని చూసుకో."

కోటిరత్నం ఆ డబ్బాల ముందు నేలకు తల ఆనించి లేచి, వాటిని చంకన పెట్టుకుని ఇంటికి వచ్చింది. చేతులు కుంకుడు రసంతో రుద్ది, చింతపండుతో రుద్ది, మళ్లీ కడుక్కుంది. కొట్టం ముందు ఎండలో కూర్చుని ఒక డబ్బా వత్తులు గుప్పెడేసి పీకి విప్పి, సుబ్బరావమ్మ చించి ఇచ్చిన సగం పంచెలో దూది పరిచి కుట్టడం మొదలుపెట్టింది. భయంలో కూడా చేతికి నేర్పు పోలేదు. గంటన్నరలో చిన్న బొంత తయారైంది. పిచ్చుక గూడంత మెత్తగా, వరస తప్పని కుట్లతో, అంతకుముందు దానికంటే బాగుంది.

సుబ్బరావమ్మ దాన్ని తీసుకుని కంటికి అద్దుకుంది. కోటిరత్నం ఆమె మొహంలోకే చూస్తోంది. ఒక్క క్షణం. రెండు. సుబ్బరావమ్మ కన్ను మూసుకుంది. మూసిన రెప్ప కింద నుంచి నీరు కారింది.

"ఇంకా ఉంది వదినా" అంది మెల్లగా.

"ఎలా ఉంటుంది? మడి పంచె. దేవుడి దూది. ఎక్కణ్ణించి వస్తుంది?"

సుబ్బరావమ్మ కోటిరత్నం చేతుల వైపు చూసింది. కోటిరత్నం కూడా చూసుకుంది. రెండు నెలలుగా రోజూ తాలుకాయలు ఏరిన చేతులు. గోళ్ల సందుల్లో ఎరుపు, వేళ్ల చీలికల్లో ఎరుపు. ఈ నాలుగు నెలలూ ఈ చేతులు కంటికి తగలకూడదని చిన్నప్పుడే నేర్చుకుంది. దురద పుడితే మోచేత్తో రుద్దుకునే అలవాటు. సొంత కంటిని అంత భద్రంగా కాచుకున్న మనిషికి, ఆ చేతులతోనే పిల్లకు బొంత కుట్టకూడదన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు.

కొట్టంలో పిల్ల గురక పెద్దదైంది. పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. ఇక ఒక్క డబ్బా, సగం పంచె మిగిలాయి. ఇవి కూడా పాడైతే ఇంకెక్కడా లేవు.

"సూది మీరు పట్టుకోండి" అంది కోటిరత్నం.

"నాకు బొత్తాం కుట్టడం కూడా చేతకాదు వదినా. అన్నీ టైలరుకే ఇస్తాను."

"నేను చెబుతాను. మీరు కుట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను." పట్టుకోబోయి, తన చేతులు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

ఆమె గాలికి అవతలి వైపు, నాలుగు గజాల దూరంలో కూర్చుని, రెండు చేతులూ చీర చెంగులో చుట్టుకుంది. సుబ్బరావమ్మ చేతులు రుద్ది కడుక్కుని, యలమందయ్య సైకిలు మీద వెళ్లి పక్క ఊరి కొట్లోంచి తెచ్చిన కొత్త సూది, దారం ఉన్న కాగితం పొట్లం విప్పింది. వత్తులు గుప్పెడేసి పీకి విప్పుతుంటే కోటిరత్నం ప్రాణం ఆ వేళ్ల మీదే ఉంది.

"అంచుల్లో పల్చగా, మధ్యలో కాస్త మందంగా పరవండి… అంతే… ఇప్పుడు పై గుడ్డ కప్పండి. సూది కింద నుంచి రానివ్వండి. అంత దూరం కాదు వదినా, దూది జారిపోతుంది. వేలి గణుపులో సగం. సగం!"

"ఇంతా?"

"అంతే. మా తల్లే. లాగకండి, ముడతలొస్తాయి."

కుట్టు ఎటు పడితే అటు పోయింది. ఒకచోట బెత్తెడు దూరం, ఇంకోచోట గుడ్డ పట్టి గుదిగుచ్చినట్టు. ఈ కుట్టు ఇంకెవరిదైనా అయితే కోటిరత్నం ఈపాటికి నాలుగు మాటలు అని, సూది లాక్కునేది. ఇప్పుడు పెదవి కొరుక్కుంటూ, "బాగుంది, బాగుంది, అలాగే పోనివ్వండి" అంది. సుబ్బరావమ్మ వేలికి సూది రెండుసార్లు దిగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని, పమిటకు తుడుచుకుని, మళ్లీ కుట్టింది. ఎప్పుడూ ఒకరి మాట ఒకరికి పడని ఆ ఇద్దరూ ఆ కాసేపట్లో ఆడుకున్నన్ని మాటలు అనసూయ పెళ్లైన అయిదేళ్లలో ఆడుకోలేదు. అవన్నీ కుట్టు మాటలే.

చివరి ముడి పడేసరికి పొద్దు పూర్తిగా వాలింది. సుబ్బరావమ్మ బొంతను నలిపి కుడి కంటికి అద్దుకుంది. తర్వాత ఎడమ కంటికి. ఇద్దరూ ఆగారు. కొట్టంలో అనసూయ లేచి కూర్చుని చూస్తోంది. సుబ్బరావమ్మ రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి, పొడిగా ఉన్నాయి.

"లేదు వదినా. ఏమీ లేదు."

"ఇంకోసారి చూడండి."

ఇంకోసారి చూసింది. లేదు.

పిల్లను చుట్టారు. కోటిరత్నం దగ్గరికి రాలేదు. కొట్టం గుంజకు అవతల నిలబడి వింటోంది. గుర్రు, గుర్రు. మళ్లీ గుర్రు. తుమ్ము రాలేదు. ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. చాలాసేపటికి అనసూయ, "అమ్మా, నోరు తెరుస్తోందే" అంది. సుబ్బరావమ్మ పిల్లను తల్లి రొమ్ముకు ఆనించింది. ఒక గుక్క, రెండు, మూడు. దగ్గు రాలేదు. నాలుగు. అయిదు. గురక పోలేదు, కానీ గుక్కకూ గుక్కకూ మధ్య పిల్లకు ఊపిరి ఆడుతోంది.

"రేపు తెల్లవారగానే డాక్టర్ని పిలిపించి చూపిద్దాం" అంది సుబ్బరావమ్మ బయటికి వచ్చి. తర్వాత కొంచెం జంకుతూ, "కుట్టు మరీ వంకరగా వచ్చింది. మీ చేతులు బాగయ్యాక విప్పేసి సరిగ్గా కుట్టుకోండి వదినా, నేనేమీ అనుకోను" అంది.

"విప్పను" అంది కోటిరత్నం. "ఎప్పటికీ విప్పను."

ఆ మాటతో అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్లు బుగ్గల మీదుగా గడ్డం దాకా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులెత్తి, సగంలో ఆపేసి, మళ్లీ చెంగులో దాచుకుంది. అది చూసి సుబ్బరావమ్మ దగ్గరికి వచ్చి, తన పమిట కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.